గడ్డిపరక సాక్ష్యం

పంతులుగారింటికి పంపిన పళ్ళెం పంపినట్టే తిరిగొచ్చింది. కొబ్బరికాయ, అరటిపళ్ళు, తమలపాకులు, పైన కప్పిన కండువా, దేనికీ చెయ్యి తగలలేదు.

సత్యారావు పళ్ళెం గుమ్మంలో దించి గొడుగు మూశాడు. గొడుగు నుంచి కారిన నీళ్ళు చెక్క నేల మీద వంకరగా పారి వంటింటి వైపు పోతున్నాయి. తుడవడానికి ఎవరూ లేవలేదు.

"ఏటన్నాడు?" అని అడిగింది తల్లి అచ్చమ్మ.

"సాక్ష్యానికి రానన్నాడు."

"మొన్న వస్తానన్నాడు కదరా?"

"మొన్న కచేరీ నుంచి సమను రాలేదమ్మా. ఇప్పుడు ఆయన పేరు మీద వచ్చింది. గీత మీద చెయ్యి వేసి, నేను చెయ్యని పెళ్ళి చేశానని ఎలా చెప్పను నాయనా అన్నాడు."

"సెయ్యని పెళ్ళేటి? పెళ్ళి జరిగింది కదా. ఆయన సెయ్యలేదు, అంతే కదా!"

"ఆ అంతే దగ్గరే వచ్చింది చిక్కంతా."

లోపలి గదిలో సత్యారావు అక్క దేముడమ్మ తన కూతురికి గంజి తాగిస్తోంది. చిన్నమ్మి ఒక గుటక మింగి రెండోది ఉమ్మేస్తోంది. తల్లీ తమ్ముడూ అనుకునే ప్రతి మాటా ఆమెకి వినిపిస్తూనే ఉంది. రంగూన్ శివారు తామ్వేలో ఆ చెక్క ఇంటికి గోడలున్నాయి గాని, మాటలను ఆపేంత మందంగా లేవు.

ఆమె భర్త లింగరాజు దక్షిణాఫ్రికాలో, నేటాలులో ఉన్నాడు. అతని తండ్రి ఎప్పుడో గిరిమిట్టు ఒప్పందం మీద కూలీగా చెరుకు తోటలకి వెళ్ళి అక్కడే ఉండిపోయినవాడు. అక్కడే పుట్టి పెరిగిన లింగరాజు, తల్లి తరఫు బంధువులను చూడడానికి రంగూన్ వచ్చాడు. దేముడమ్మను చేసుకున్నాడు. సెలవు గడువు దాటితే మళ్ళీ అక్కడ అడుగు పెట్టనివ్వరని, పుట్టబోయే బిడ్డను చూడకుండానే ఓడ ఎక్కాడు.

అక్కడ స్థిరపడినవాడు ఒక్క భార్యను తెచ్చుకోవచ్చు. అయితే ఆమె ధర్మంగా అతని భార్యేనని ఇక్కడి సర్కారు రాసి ఇవ్వాలి. ఆ రాత కోసమే దరఖాస్తు. దాని మీద విచారణ రేపు.

దరఖాస్తు రాసింది సత్యారావు. వాళ్ళింట్లో అక్షరం ముక్క నేర్చినవాడు, మెట్రిక్ దాకా చదివి సర్కారు గుమాస్తా అయినవాడు అతనొక్కడే. పంతులుగారు వేదమంత్రాలతో పెళ్ళి జరిపించినట్టు అతను రాశాడు.

జరిగింది వేరు. అది దేముడమ్మకు రెండో మనువు. వాళ్ళ కులంలో మారుమనువుకి పందిరి లేదు, మేళం లేదు, పంతులు అసలే లేడు. దీపాలు పెట్టే వేళకి పెరట్లో, తాము కూడా మారుమనువు చేసుకున్న ఆడవాళ్ళు నలుగురు చుట్టూ నిలబడితే, మగవాడు పుస్తె కడతాడు. కన్నతల్లి చూడకూడదు. ఆ సాయంత్రం అచ్చమ్మ తలుపు వేసుకుని గదిలో కూర్చుంది. కూతురి పెళ్ళికి ఆమె కూడా సాక్షి కాదు.

దేముడమ్మ పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"ఉన్నది ఉన్నట్టు రాస్తే పోయీది కదరా సత్తీ."

"ఏమని రాయాలప్పా? మా అప్పకిది రెండో మనువు, మొదటి మొగుడు చిమిండైంగ్ రేవులో కుండలమ్ముకుంటున్నాడు అని రాయమంటావా?"

"అదే కదా నిజం."

"ఆ కాగితం ఎన్ని బల్లల మీదికి వెళ్తుందో నీకు తెలియదు. మా ఆఫీసులో కూడా చదువుతారు."

"మీ ఆపీసోళ్ళ కోసం నాకు కొత్త పెళ్ళి సేసినావా?"

సత్యారావు తడిసిన చొక్కా విప్పి తీగ మీద ఆరవేశాడు. సరిగ్గా పడలేదని తీసి మళ్ళీ వేశాడు.

"ఇంకో పంతుల్ని సూడరాదేటి?" అంది అచ్చమ్మ.

"సమనులో ఉన్నది ఈయన పేరేనమ్మా. పంతుళ్ళని మార్చడానికి ఇది వ్రతం కాదు."

"మరి రేపు ఎవరూ ఎల్లకపోతే?"

"కొట్టేస్తారు. ఒకసారి ఇక్కడ కాదన్నారంటే ఆ మాట నేటాలు దాకా పోతుంది. అప్పని ఇక ఓడ దిగనివ్వరు."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది.

"పంతులు వద్దు, ఎవరూ వద్దు" అంది దేముడమ్మ. "మారుమనువు సేయించిన నరసమ్మ పిన్ని ఉంది, వచ్చి సెప్తాది. ఇంకేటి కావాలి? మొదటి మనువు తెగిపోనాదని ఎవరో ఒకరు సెప్పాలి. కులపెద్ద గోవిందు మావ ఉంటే ఆయనే సెప్పును. ఊరెల్లిపోనాడు. మరి పెద్దల ముందు మనువు తెంచుతూ గడ్డిపరక తెంపినోడున్నాడు కదా. జోగి బావనే పిలుద్దాం."

"జోగి వద్దు."

ఆ మాట అతని నోటి నుంచి ఎంత త్వరగా వచ్చిందంటే, అచ్చమ్మ కూడా తలెత్తి చూసింది.

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. అతన్ని గుమ్మం తొక్కనివ్వక నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఏ మొహంతో పిలుస్తాం?"

"నా మొహంతో పిలుస్తాను. నువ్వు ఆపీసుకి దాసుకో నీ మొహం."

"అప్పా, నేను చెప్పేది విను."

"సెప్పు."

సత్యారావు తీగ మీది చొక్కా వంక చూశాడు.

దేముడమ్మ గొడుగు తీసుకుంది.

*

తామ్వే నుంచి ఊరి మధ్యదాకా నడిచి, అక్కడ ట్రాం ఎక్కి, చిమిండైంగ్ బజారు దగ్గర దిగేసరికి వాన తెరిపి ఇచ్చింది. ఏటి ఒడ్డున సంపాన్ పడవలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. ఏటి అవతల ట్వంటే ఊరి నుంచి వచ్చిన కుండలు గడ్డిలో పొదిగి, బల్లకట్టు మీద దించి ఉన్నాయి. తడిసిన గడ్డి వాసనా, ఎండు చేపల వాసనా కలిసి గాలి బరువుగా ఉంది.

జోగి మొలలోతు కుండల మధ్య నిలబడి, ఒక్కొక్కటీ వేలితో తట్టి మోత వింటున్నాడు. పగిలినది పక్కన పెడుతున్నాడు. దేముడమ్మను చూసి చేతిలో కుండ దించడం మరిచిపోయాడు.

"దేముడూ! మా అత్తకేటన్నా అయినాదేటి?"

"అమ్మ బాగానే ఉంది బావా. నీతో పనుండి వచ్చినాను."

"నాతో పనా?" జోగి నవ్వాడు. "నాతో పన్లేదనే కదా పెద్దల్లోకెల్లినావు."

"అప్పుడు లేదు. ఇప్పుడున్నాది."

అతను ఆమె తల్లికి అన్న కొడుకు. చిన్నప్పుడే ఇద్దరికీ ముడి వేశారు. కాపరం నిలవలేదు. జోగి మనసు ట్వంటేలో ఒక ఆడమనిషి మీద ఉండేది, పడవ వారానికి రెండు మార్లు అటే పోయేది. దాని మీద దేముడమ్మ ఏడ్చిన రోజులు అయిపోయాయి. ఇప్పుడు అతను తల నెరుస్తున్న మేనబావ, అంతే.

గడ్డి మోపు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న బర్మా ఆమె, మా టిన్, లేచి వచ్చింది. బుగ్గల మీద గంధంలాంటి తనకా పూత, తల మీద వెదురు టోపీ. జోగిని బర్మాలో ఏదో అడిగింది.

"సెప్పినాను కదా మా టిన్. ఆవిడే."

మా టిన్ దేముడమ్మను తలనుంచి కాలిదాకా చూసింది. తరువాత తెలుగులో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ అంది. "ఈమె సన్నం. నువ్వు లావు అని చెప్పినావు."

"అప్పుడు లావే."

"అబద్దం సెప్పినాడులే" అంది దేముడమ్మ. చాలా రోజుల తరువాత ఆమెకి కొంచెం నవ్వు వచ్చింది.

మా టిన్ గడ్డి మీద గోనె పరిచింది. "కూర్చో. పాప ఇటు ఇవ్వు." చిన్నమ్మి ఆమె చేతిలోకి వెళ్ళి వెదురు టోపీ అంచు పట్టుకుంది. జోగి పిల్ల చేతిలో బొటనవేలంత బొమ్మ కుండ పెట్టాడు. అది నేరుగా నోట్లోకి పోయింది.

దేముడమ్మ వచ్చిన పని చెప్పింది. లింగరాజు, నేటాలు, దరఖాస్తు, పంతులు, రేపటి విచారణ. జోగి మధ్యలో "ఊ" అంటూ విన్నాడు. చివర్లో ఊ కొట్టడం మానేశాడు.

"గోవిందు మావ లేడేటి?"

"ఊరెల్లిపోనాడు."

"మరి మా అన్న గోపాలం?"

"ఆయనా అక్కడే కదా. మీ అన్నెందుకు బావా? పరక తెంపినోడివి నువ్వు. కచేరీలో ఆ ఒక్క మాట సెప్తే సాలు."

జోగి రెండు కుండల మధ్య గడ్డి సర్దాడు. సర్దిన చోటే మళ్ళీ సర్దాడు.

"నీకెవరూ సెప్పలేదేటి?"

"ఏటి?"

"ఆ రోజు నాను లేను దేముడూ."

ఆమెకి మొదట అర్థం కాలేదు.

"ట్వంటే నుంచి వస్తన్నాను. కాలవలో నీరు తీసీసి సంపాన్ బురదలో దిగబడిపోనాది. మళ్ళీ పోటు వచ్చీదాకా కదల్లేదు. నాను వచ్చీసరికి పెద్దలు లేసి బోజనాలకెల్లిపోనారు. నా బదులు మా అన్న తెంపీసినాడు. అన్న సెయ్యి తమ్ముడి సెయ్యే అన్నాడంట గోవిందు మావ. అందరూ సరే అన్నారంట."

"అందరూనా?"

"మీ తరపున సత్తిగాడున్నాడు. ఆడూ సరే అన్నాడు."

మనువు తెంచే చోట ఆడవాళ్ళు కూర్చోరు. దేముడమ్మ ఆ రోజు గోవిందు ఇంటి వెనక, నూతి పక్కన నిలబడి ఉంది. కాసేపటికి తమ్ముడు వచ్చి, తెగిన పరకలో సగం ఆమె అరచేతిలో పెట్టాడు. ఒక మాట కూడా అనలేదు. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి పొయ్యిలో వేసి, ఆ మంట మీదే అన్నం వండింది. ఆ పరక జోగి చేతిలోదేనని నాలుగేళ్ళుగా అనుకుంటోంది.

"నాకిష్టం లేక కాదు" అన్నాడు జోగి. "నాకూ అదే కావాలి. ఉంటే నానే తెంపుదును. దానికేటి, ఇప్పుడు తెంపీనా?"

అతను కుండల మధ్య నుంచి ఒక గడ్డిపరక లాగి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వొద్దు!"

దేముడమ్మ అతని మణికట్టు పట్టుకుంది. పక్క సంపాన్ లో వాళ్ళు తిరిగి చూశారు. ఆమె చెయ్యి తీయలేదు.

"ఇప్పుడు తెంపితే అప్పుడు తెంపలేదని కదా బావా. మరి లింగరాజు నాకేటవుతాడు? ఈ గుంట ఎవర్దవుతాది?"

జోగి పిల్ల వైపు చూశాడు. ఇందాకటి నుంచి ముద్దు చేస్తున్న పిల్లే. ఇప్పుడు చూసిన చూపు వేరు. పరకను నలగకుండా మెల్లిగా కింద పెట్టాడు.

మా టిన్ చుట్ట ఆర్పింది.

"మీకు గడ్డి ఎందుకు? మా వాళ్ళకి ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటారు, ఒక పళ్ళెంలో తింటారు, పక్కింటివాళ్ళు చూస్తారు. పెళ్ళి అయిపోయింది. ఇద్దరూ వేరే తింటారు. పెళ్ళి పోయింది. ఈమె, జోగి, నాలుగేళ్ళు ఒక పళ్ళెంలో తినలేదు."

"ఆ మాట దొరలకి సెప్పు" అన్నాడు జోగి.

"చెప్తాను. నేను కూడా వస్తాను." మా టిన్ పిల్లను ఒడిలో సర్దుకుంది. గొంతు తగ్గింది. "ఆఫీసులో పెద్దాయన, ఈమె మొగుడు ఇతనే అంటే? అప్పుడు నేను ఎవరు?"

ఏట్లో పోటు మొదలయింది. సంపాన్లు ఒకదానికొకటి తగిలి కిర్రుమంటున్నాయి.

"నానే తెంపినానని సెప్పీస్తాను" అన్నాడు జోగి. "ఒక్క మాట కదా. ఎవడొచ్చి కాదంటాడు?"

"ఇప్పటికే ఒక అబద్దం ఉంది బావా. దాని మీద ఇంకోటి ఎక్కిస్తే మొయ్యలేను."

"మరేటి సెప్పమంటావు?"

దేముడమ్మ పిల్లను అందుకుని లేచింది. బొమ్మ కుండ తిరిగి ఇవ్వబోతే చిన్నమ్మి గట్టిగా ఏడ్చింది.

"ఉండనీ" అన్నాడు జోగి.

"రేపు రా బావా. ఏటి సెప్పాలో నాకింకా తెల్దు. వచ్చి నిలబడు."

*

ఆమె ఇల్లు చేరేసరికి అచ్చమ్మ దీపం వెలిగిస్తోంది. సత్యారావు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పొద్దున వడ్డించిన కంచం అలాగే మూత వేసి ఉంది.

దేముడమ్మ కాళ్ళు కడుక్కుంది. పిల్లను తల్లికి ఇచ్చింది. తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"ఆ పరక నువ్వే తెచ్చి నా సేతిలో పెట్టినావు."

సత్యారావు తల వంచుకున్నాడు.

"ఎవరు తెంపినారని నాను అడగలేదు. నువ్వు సెప్పలేదు."

"నాకప్పుడు పదహారేళ్ళప్పా. నాన్న లేడు, మన తరఫున మగదిక్కునని నన్ను కూర్చోబెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చింది. అందరూ ఆకలి మీద ఉన్నారు. గోవిందు మావ నా వైపు తిరిగి, మీకు సమ్మతమేనా అన్నాడు. జోగి బావ వచ్చేదాకా ఆగండి అనాలి. నాకు తెలుసు, అనాలని. నోరు రాలేదు. నువ్వు బయటపడితే చాలు అనుకున్నాను."

"తరవాతైనా సెప్పొచ్చు."

"లింగరాజు బావ వచ్చాక చెప్పాలనుకున్నాను. నువ్వు నవ్వుతున్నావు అప్పుడు. చెప్పలేకపోయాను."

అచ్చమ్మ దీపం దగ్గర నుంచే అడిగింది. "ఓరి బాబూ, అన్న తెంపితే సెల్లదేటి? కులం ఒప్పుకుంది కదా?"

"వకీలుని అడిగానమ్మా. మొగుడే స్వయంగా తెంపాలా, అతని బదులు ఇంకొకరు తెంపినా సరేనా అన్నది మేజిస్ట్రేటు తేల్చాలట. చెల్లుతుందంటే అప్ప ఓడ ఎక్కుతుంది. చెల్లదంటే..."

"అంటే?"

"మొదటి మనువు ఇంకా ఉన్నట్టు. రెండోది జరగనట్టు."

"అయితే నా మనవరాలికి అయ్య ఎవడ్రా?"

చిన్నమ్మి అమ్మమ్మ ఒడిలో బొమ్మ కుండతో నేల మీద కొడుతోంది. టక్, టక్. సత్యారావు ఆ కుండ వంకే చూస్తూ అన్నాడు.

"అందుకే పంతులుగారి పేరు రాశాను. మొదటి మనువు మాటే లేకుండా చేస్తే ఆ ప్రశ్నే రాదనుకున్నాను. సిగ్గుపడి కాదప్పా."

"సిగ్గుకి కూడా."

"కొంచెం సిగ్గుకి కూడా" అని ఒప్పుకున్నాడు సత్యారావు.

దేముడమ్మకి కోపం రావలసిందే. రాలేదు. ఒళ్ళంతా బరువుగా ఉంది. తమ్ముడి చదువు కోసం తాను బియ్యం మిల్లులో తవుడు ఎత్తింది. ఆ తవుడు దుమ్ము ఇప్పటికీ తెల్లవారుజామున దగ్గులో తెలుస్తుంది. ఆ మాట అనవచ్చు. అంటే తమ్ముడు ఇంకా కుంగిపోతాడు, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

"రేపు నాను నిజం సెప్తాను" అంది.

"ఏ నిజం? పంతులు లేడన్నదా, జోగి బావ తెంపలేదన్నదా?"

"అడిగితే రెండూ."

"ఆ దరఖాస్తు కింద ఇవన్నీ నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టింది నేనప్పా. నా ఉద్యోగం పోతుంది."

ఆ మాట అతను బతిమాలుతున్నట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే.

"తెలుసు" అంది దేముడమ్మ.

లేచి వెళ్ళి, చల్లారిన అన్నం తీసేసి, వేడి అన్నం పెట్టి తెచ్చింది. కంచం అతని ముందు పెట్టింది. సత్యారావు చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఒక ముద్ద కలిపాడు. ఆ ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

*

మేజిస్ట్రేటు బర్మా ఆయన. తలకు గులాబీ రంగు పట్టుగుడ్డ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. పొద్దుటి నుంచి తగాదాలు విని విని ఆయన మొహంలో కూడా అలసట ఉంది. ఆయన అడిగింది దుబాసీ తెలుగులో చెబుతున్నాడు.

బల్ల మీద నరసమ్మ పిన్ని కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. ఆమె పక్కన జోగి, ఉతికిన బర్మా లుంగీ కట్టుకుని. అతని వెనక మా టిన్, ఈ రోజు చుట్ట లేకుండా. అందరికీ దూరంగా, తలుపు పక్కన, ఆఫీసు కోటులో సత్యారావు.

"పెళ్ళి జరిపించిన పురోహితుడెక్కడ?"

"రాలేదండి" అంది దేముడమ్మ.

"ఎందుకు?"

"ఆయన పెళ్ళికి కూడా రాలేదండి."

దుబాసీ ఒక క్షణం ఆగి ఆ మాట బర్మాలో చెప్పాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

ఆమె చెప్పింది. మారుమనువు గురించి చెప్పింది, పెరటి గురించి, నలుగురు ఆడవాళ్ళ గురించి. నరసమ్మ పిన్ని లేచి, అడగకుండానే, "అవును బాబూ, దీపం నానే పట్టుకున్నాను" అంది. కూర్చోమన్నారు. కూర్చుంది.

"అయితే ఈ దరఖాస్తులో రాసింది అబద్ధం."

"అవునండి."

"ఎవరు రాశారు?"

దేముడమ్మ నోరు విప్పలేదు. నిజం చెప్తానని వచ్చిన మనిషి. ఇది కూడా నిజమే. కాని ఆ పేరు తన నోటితో చెప్పదలచుకోలేదు. చిన్నమ్మిని ఒక భుజం నుంచి రెండో భుజానికి మార్చుకుంది.

మేజిస్ట్రేటు ఆ ప్రశ్న వదిలేసి, జోగిని పిలిచాడు. జోగికి బర్మా బాగా వచ్చు. దుబాసీ అక్కర్లేకపోయింది. దేముడమ్మకు మాట్లాడడం అంతగా రాదు గాని వింటే తెలుస్తుంది.

"ఈమెకు నువ్వు ఏమవుతావు?"

"అప్పుడా, ఇప్పుడా?"

గుమాస్తా ఒకడు నవ్వాడు. మేజిస్ట్రేటు నవ్వలేదు.

"ముందు అప్పుడు."

"అప్పుడు మొగుణ్ణి. ఇప్పుడు మేనబావని."

"మధ్యలో ఏం జరిగింది?"

"మా పెద్దలు తెంచేశారు. గడ్డిపరక తెంపితే మాకు తెగినట్టే."

"మొగుడు తెంపాలి కదా. నీ చేత్తోనే తెంపావా?"

జోగి దేముడమ్మ వైపు చూశాడు. ఆమె మొహంలో అతనికి ఏ సైగా దొరకలేదు. వెనక్కి తిరిగి మా టిన్ ను చూశాడు. మా టిన్ లుంగీ చెంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది.

"నేను..." అన్నాడు జోగి.

చిన్నమ్మి చేతిలోని బొమ్మ కుండ జారి నేల మీద పడింది. పగల్లేదు. దొర్లుకుంటూ పోయి తలుపు దగ్గర ఒక బూటుకు తగిలి ఆగింది.

సత్యారావు వంగి దాన్ని తీసుకున్నాడు. తీసుకుని మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళలేదు. నడుచుకుంటూ ముందుకు వచ్చాడు.

"అయ్యా, ఆయన్ని అడగకండి" అన్నాడు ఇంగ్లీషులో. ఆ వెంటనే, ఎందుకో, అదే మాట తెలుగులో మళ్ళీ అన్నాడు. "ఆయన్ని అడగొద్దండి. ఆ దినం అక్కడున్నోణ్ణి నేను. ఆ కాగితం రాసినోణ్ణి కూడా నేనే."

మేజిస్ట్రేటు అతని వైపు తిరిగాడు.

"నువ్వెవరు?"

"ఆమె తమ్ముణ్ణి. సర్కారు గుమాస్తాని."

మేజిస్ట్రేటు అతని కోటు చూశాడు. దరఖాస్తు కింది సంతకం చూశాడు. మళ్ళీ కోటు చూశాడు. కలం పక్కన పెట్టి, ఎర్రగుడ్డ చుట్టిన గీతను అతని వైపు జరపమని గుమాస్తాకి సైగ చేశాడు.

సత్యారావు బొమ్మ కుండను అప్ప చేతికి ఇచ్చాడు. కుడిచెయ్యి గీత మీద పెట్టాడు.

"చెప్పు. ఆ గడ్డిపరక ఎవరి చేతిలో తెగింది?"

సత్యారావు ఒకసారి అప్ప వైపు చూశాడు. చెప్పమని గాని, వద్దని గాని ఆమె తల ఊపలేదు. బొమ్మ కుండను కొంగుతో తుడుస్తూ, నాలుగేళ్ళ కిందట తెగిన పరక అందుకున్న అరచెయ్యి వంకే చూసుకుంటోంది.

ఆ రోజు పెద్దల ముందు రాని నోరు ఈసారి అతనికి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.